వెతికితే దొరకాలి!
చిన్న దుకాణాలకు అంతర్జాలంలో సరైన చిరునామా ఎలా?

రామన్నపేట: బావి దగ్గర మోటారు కాలిపోయిన రైతు ఇప్పుడు మొదట తీసేది జేబులోని ఫోనునే. మత్స్యగిరి గుట్టకు బయలుదేరిన భక్తుడు దారిలో టిఫిన్ సెంటర్ ఎక్కడుందో చూసుకునేదీ అందులోనే. ఇంట్లో పెళ్లి పెట్టుకుని ఇక్కత్ పట్టుచీరల కోసం అమెరికాలోని తెలుగు కుటుంబం వెతుకులాట మొదలుపెట్టేదీ అక్కడే. ఈ ముగ్గురికీ కావలసినవి రామన్నపేట పరిసరాల్లో ఉన్నాయి. అయితే వెతికినప్పుడు కనిపించేవి మాత్రం చాలాసార్లు హైదరాబాద్, నల్గొండ, భువనగిరి దుకాణాలే. పని తెలిసిన మెకానిక్, మగ్గం ఉన్న నేత కార్మికుడు ఊళ్లోనే ఉండగా బేరం పక్క ఊరికి తరలిపోతోంది.

అంతర్జాల ప్రచారం అనగానే వేలకు వేలు ఖర్చనీ, అది పెద్ద కంపెనీల వ్యవహారమనీ చిన్న వ్యాపారులు అనుకోవడం సహజం. వాస్తవానికి మండల కేంద్రంలోని దుకాణానికి కావలసింది ప్రచారం కంటే ముందు దొరకడం. సరైన పేరు, సరైన చోటు, పలికే ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు.. ఈ నాలుగూ అన్నిచోట్లా ఒకే విధంగా ఉంటే సగం పని పూర్తయినట్లే. ఇందుకు పెట్టుబడి అక్కర్లేదు. కాస్త ఓపిక, ఒక మంచి ఫోను చాలు.

జిల్లా మారింది.. చిరునామా మారలేదు

రామన్నపేటకు ఉన్న చిక్కు ఇతర పట్టణాలకు అంతగా లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబరు 11న జిల్లా మారింది. ఉమ్మడి నల్గొండ నుంచి నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడగా రామన్నపేట మండలం యాదాద్రి భువనగిరిలో చేరింది. అంతకుముందే 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనతో రామన్నపేట శాసనసభ స్థానం రద్దయి మండలం నకిరేకల్ నియోజకవర్గంలో కలిసింది. నకిరేకల్ ఏమో నల్గొండ జిల్లాలో ఉంది! జిల్లా ఒకటి, నియోజకవర్గ కేంద్రం ఉన్న జిల్లా మరొకటి. స్థానికులకు ఇది అలవాటైన సంగతే గానీ, కంప్యూటర్‌కు కాదు.

పాత వ్యాపార డైరెక్టరీలలో, పాత విజిటింగ్ కార్డులలో, ఎప్పుడో నమోదు చేసి మరచిపోయిన జాబితాలలో ‘నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అన్న చిరునామా ఉండిపోయింది. కొత్తగా నమోదు చేసిన చోట ‘యాదాద్రి భువనగిరి, తెలంగాణ’ అని ఉంది. ఒకే దుకాణానికి రెండు జిల్లాలు, రెండు రాష్ట్రాలు కనిపిస్తే అవి రెండు వేర్వేరు దుకాణాలేమోనన్న అనుమానం సెర్చ్ ఇంజిన్‌కు కలుగుతుంది. ఒకచోట మూతపడిన ల్యాండ్‌లైన్ నంబరు, మరోచోట సెల్ నంబరు ఉంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది. ఫలితంగా రెండింటిలో ఏదీ పైకి రాదు.

పేరు సంగతి మరీ విచిత్రం. ఆంగ్ల అక్షరాలలో ఊరి పేరును కొందరు చివర ‘ఏ’ అక్షరంతో రాస్తారు, కొందరు అది లేకుండా ముగిస్తారు. ‘రామన్న’, ‘పేట’లను విడదీసి రాసేవారూ ఉన్నారు. దీనికి తోడు వరంగల్ నగరంలోనూ రామన్నపేట ఉంది. ‘రామన్నపేటలో ఫొటో స్టూడియో’ అని హైదరాబాద్‌లో కూర్చుని వెతికేవారికి వరంగల్ స్టూడియో కనిపిస్తే తప్పు వారిది కాదు. రైల్వేస్టేషన్ బోర్డుపై ఉన్న రూపాన్నో, ప్రభుత్వ రికార్డుల్లోని రూపాన్నో ఒకదాన్ని ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడాలి. పక్కన మండలం, జిల్లా, పిన్ కోడ్ తప్పనిసరిగా చేర్చాలి. మిగతా రూపాలను వదిలేయనక్కర్లేదు. ‘చిట్యాల - భువనగిరి రోడ్డులో’, ‘బీబీనగర్ - నడికుడి రైలు మార్గంలోని రామన్నపేట స్టేషన్‌కు దగ్గర’ వంటి గుర్తులను వివరణలో రాస్తే ఏ రామన్నపేటో మనిషికీ, యంత్రానికీ ఒకేసారి తెలుస్తుంది.

ముందుగా చేయాల్సిన పని ఇదీ: దుకాణం పేరునూ, పాత, కొత్త ఫోన్ నంబర్లనూ విడివిడిగా టైప్ చేసి వెతకాలి. ఎక్కడెక్కడ పాత వివరాలు బయటపడితే అక్కడక్కడ సవరించుకోవాలి. జస్ట్‌డయల్, సులేఖ, ఇండియామార్ట్ వంటి జాబితాలలో ఎప్పుడో ఎవరో చేర్చిన వివరాలు ఉండవచ్చు. వాటిని యజమానిగా నిరూపించుకుని సరిచేయవచ్చు. ఒక పూట పని.

ఉచిత నమోదుతోనే మొదలు

మ్యాప్‌లో దుకాణం కనిపించడానికి గూగుల్ సంస్థ ఇచ్చే ఉచిత ఖాతాను ‘బిజినెస్ ప్రొఫైల్’ అంటున్నారు. 2014లో ‘గూగుల్ మై బిజినెస్’గా ఉన్న దీనికే 2021లో పేరు మార్చారు. చాలామంది ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తున్నారు. స్థానిక ఫలితాలలో ఎవరు పైన రావాలన్నది ప్రధానంగా మూడు అంశాలపై ఆధారపడుతుందని గూగుల్ చెబుతోంది. అడిగిన దానికీ దుకాణానికీ ఉన్న సంబంధం, అడిగిన వ్యక్తి నుంచి దూరం, ఆ దుకాణానికి ఉన్న పేరుప్రఖ్యాతులు. డబ్బు చెల్లించి ఈ వరుసలో పైకి రావడం కుదరదని కూడా ఆ సంస్థే స్పష్టం చేసింది. దూరాన్ని ఎవరూ మార్చలేరు. మిగతా రెండూ యజమాని చేతిలో ఉన్నవే.

నమోదు సమయంలో దుకాణం నిజంగా ఉందా అన్నది పరిశీలిస్తారు. ఒకప్పుడు పోస్టుకార్డులో సంఖ్య పంపేవారు. ఇప్పుడు చాలా సందర్భాల్లో వీడియో అడుగుతున్నారు. వీధి, పక్క దుకాణాలు, బోర్డు, లోపలి సామగ్రి, షట్టర్ తాళం తీయడం వంటివి ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోగా తీసి పంపాలి. ఇక్కడే చిన్న వ్యాపారులు దెబ్బతింటున్నారు. బోర్డు మీద ఒక పేరు, ఖాతాలో మరో పేరు ఉంటే తిరస్కరిస్తారు. బోర్డే లేని దుకాణాల సంగతి చెప్పనక్కర్లేదు. రెండు మూడు వేలు పెట్టి స్పష్టమైన బోర్డు రాయించుకోవడమే ఇందులో మొదటి ఖర్చు.

పేరులో అదనపు మాటలు ఇరికించడం మరో పొరపాటు. బోర్డుపై ‘శ్రీ లక్ష్మీ ఎలక్ట్రికల్స్’ అని ఉండగా ఖాతాలో ‘శ్రీ లక్ష్మీ ఎలక్ట్రికల్స్ బెస్ట్ మోటార్ రిపేర్ రామన్నపేట చిట్యాల వలిగొండ’ అని రాస్తే కొన్నాళ్లు పైకి వచ్చినట్లే కనిపించవచ్చు. నిబంధనలకు అది విరుద్ధం. పోటీదారు ఫిర్యాదు చేస్తే ఖాతానే నిలిపివేస్తారు. అప్పటిదాకా వచ్చిన అభిప్రాయాలు, ఫొటోలు అన్నీ కనుమరుగవుతాయి. ఆ మాటలు ఉండాల్సిన చోటు వేరే ఉంది. ఒక ప్రధాన వర్గాన్నీ, 9 వరకు అదనపు వర్గాలనూ ఎంచుకోవచ్చు. సేవల జాబితా రాసుకోవచ్చు. 750 అక్షరాల వరకు వివరణ ఇవ్వవచ్చు. ప్రధాన వర్గం విషయంలో మాత్రం జాగ్రత్త. మోటార్ వైండింగ్ చేసే వ్యక్తి ‘ఎలక్ట్రికల్ సామాను దుకాణం’ అని ఎంచుకుంటే బల్బులు కావలసినవారు ఫోన్ చేస్తారు, మోటారు కాలినవారు చేయరు.

దుకాణం లేకుండా పిలిచిన చోటికి వెళ్లి పనిచేసే ఫ్రిజ్ మెకానిక్‌లు, బోరు మోటార్లు దించేవారు, టెంట్ హౌస్ వారు ఇంటి చిరునామాను బయటికి చూపకుండా తిరిగే ఊళ్ల పేర్లను మాత్రమే ఇచ్చుకునే వీలుంది. 20 ప్రాంతాల వరకు చేర్చవచ్చు. రామన్నపేట, చిట్యాల, వలిగొండ, నార్కట్‌పల్లి చాలు. హైదరాబాద్ అని రాసినంత మాత్రాన అక్కడి నుంచి ఫోన్లు రావు.

మ్యాప్‌లో గుర్తు సరైన చోట ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. ఇంటి నంబర్లు సక్రమంగా లేని గ్రామాల్లో ఈ గుర్తు వందల మీటర్లు పక్కకు పడుతుంటుంది. వేలితో జరిపి దుకాణం గడప మీద పెట్టాలి. అదే మ్యాప్‌లో ప్రతి చోటుకూ ‘ప్లస్ కోడ్’ అనే అక్షరాలు, అంకెల గుర్తు దొరుకుతుంది. వీధి పేరు లేని దుకాణానికి అదే చిరునామా. వాట్సాప్‌లో పంపినా, కార్డుపై అచ్చువేసినా నేరుగా అక్కడికే దారి చూపిస్తుంది.

వేళల విషయం చిన్నదిగా కనిపించినా నష్టం పెద్దది. వారం సెలవు, దసరా, సంక్రాంతి, మధ్యాహ్నం భోజన విరామం నమోదు చేయకపోతే ‘తెరిచి ఉంది’ అని చూసి పది కిలోమీటర్లు వచ్చినవారు తాళం చూసి వెళ్తారు. మరోసారి రారు. వెళ్తూ ఒక్క నక్షత్రం ఇచ్చి మరీ వెళ్తారు.

జనం నోటి మాటే కీలకం

సెర్చ్ ఇంజిన్ పనితీరును పుస్తకం చివరి పదసూచికతో పోల్చవచ్చు. అది ముందుగానే కోట్ల పేజీలను చదివి ఏ మాట ఎక్కడుందో రాసి పెట్టుకుంటుంది. ఎవరైనా అడిగినప్పుడు ఆ సూచికలోంచి తీసి వరుసలో పెట్టి చూపిస్తుంది. అందువల్ల జనం అడిగే మాటకూ దుకాణం రాసుకున్న మాటకూ పొంతన ఉండాలి. ‘విద్యుత్ పంపుసెట్ల మరమ్మతు కేంద్రం’ అని రాస్తే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. రైతు అడిగేది మాత్రం ‘బోరు మోటారు రిపేరు’, ‘మోటారు వైండింగ్’. వారం రోజులు ఫోన్‌లో, కౌంటర్ దగ్గర వచ్చినవారు ఏ మాటలతో అడిగారో కాగితం మీద రాసిపెట్టుకుంటే చాలు, ఏ కన్సల్టెంటూ ఇవ్వలేని జాబితా తయారవుతుంది.

నోటితో అడిగేవారు ఉన్నారన్నది మరో గమనించదగ్గ విషయం. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు పడిపోయాయి. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాటతో వెతికే సదుపాయం తెచ్చింది. టైప్ చేయడం రాని పెద్దవారు సైతం మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగే వీలు అప్పటి నుంచి వచ్చింది. దుకాణం వివరాలు ఆంగ్లంలో మాత్రమే ఉంటే ఆ ప్రశ్నకు అది సరిగా అందకపోవచ్చు. వివరణలో, సేవల జాబితాలో తెలుగునూ చేర్చుకోవడం మేలు.

అయితే ఏ తెలుగు? ఇక్కడే డీటీపీ సెంటర్ల అలవాటు ఒకటి అడ్డొస్తోంది. ఫ్లెక్సీలు, కరపత్రాలు, పెళ్లి పత్రికలు ఏళ్ల తరబడి అను వంటి ఫాంట్లలో తయారవుతున్నాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగులా కనిపిస్తుంది. అదే వాక్యాన్ని తీసి అంతర్జాలంలో అతికిస్తే అర్థంలేని గుర్తుల గుంపు అవుతుంది. 2000 ప్రాంతంలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడినప్పుడు ఎదురైన ఇబ్బంది కూడా ఇదే. వార్త కంటికి కనిపించేది, వెతికితే దొరికేది కాదు. యూనికోడ్‌కు మారిన తరువాతనే తెలుగు మాట సూచికలోకి ఎక్కింది. ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో రాసేదంతా యూనికోడే కాబట్టి వివరాలను ఫోన్‌లోనే టైప్ చేసుకోవడం సులువైన మార్గం.

ఫ్లెక్సీ బొమ్మనే తీసి పెట్టి ఊరుకోవడం అంతకంటే ఎక్కువగా కనిపించే తప్పు. ధరలు, ఫోన్ నంబరు, సేవలు అన్నీ ఆ బొమ్మలోనే ఉంటాయి. బొమ్మలోని అక్షరాలను యంత్రం కొంతవరకు చదవగలిగినా, దానిపై ఆధారపడే వీల్లేదు. నాయకుల ఫొటోల మధ్య ఇరుక్కున్న చిన్న అక్షరాలను మనిషే చదవలేడు! బొమ్మ పెట్టినా అందులోని సమాచారాన్ని పక్కన అక్షరాలుగా రాయాలి.

పోచంపల్లి పేరు.. ఎవరి ఖాతాలోకి?

ఈ ప్రాంతంలో వెతుకులాట వల్ల లాభపడాల్సిన వారిలో మొదటివారు చేనేత కార్మికులు. రామన్నపేట మండలంలోని సిరిపురం, వెల్లంకి, చౌటుప్పల్ మండలంలోని కొయ్యలగూడెం, సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక.. ఇవన్నీ మగ్గాల ఊళ్లు. చిటికి కట్టి రంగులద్దడం, ఆసు పోయడం తెలిసిన కుటుంబాలు ఉన్న ఊళ్లు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇంత పేరు ఉన్నా ‘పోచంపల్లి చీర’ అని వెతికితే మగ్గం మీద నేసినవాటి పక్కనే మరమగ్గం బట్టపై ఇక్కత్ డిజైన్ అచ్చువేసిన చీరలూ కనిపిస్తున్నాయి. ధర నాలుగో వంతు, అయిదో వంతు. కొనేవారికి తేడా తెలియదు. పేరు మగ్గానిది, సొమ్ము అచ్చు యంత్రానిది.

అమ్మేవారిలో చాలామందికి పెద్ద పెట్టుబడి, ప్రకటనల బడ్జెట్ ఉంటాయి. ‘ఇక్కత్’ అన్న ఒక్క మాటపై వారితో పోటీపడటం నేత కుటుంబానికి సాధ్యం కాదు. పైగా ఆ మాట తెలంగాణకే సొంతం కాదు. కట్టడం అనే అర్థమిచ్చే మలయ్, ఇండోనేషియా భాషల పదం నుంచి అది వచ్చింది. గుజరాత్‌లోని పటాన్ పటోలా, ఒడిశాలోని సంబల్‌పురి, ఉజ్బెకిస్థాన్, జపాన్ వస్త్రాలు అన్నీ ఆ గొడుగు కిందివే. అంత విశాలమైన మాట కింద సిరిపురం మగ్గం ఎన్నో పేజీలో తేలుతుందో ఊహించవచ్చు.

మార్గం ఇరుకు మాటల్లో ఉంది. ‘డబుల్ ఇక్కత్ దుప్పట్టా, సిరిపురం, రామన్నపేట మండలం’, ‘తేలియా రుమాలు, పుట్టపాక’, ‘నూలు ఇక్కత్ బెడ్‌షీటు, కొయ్యలగూడెం’.. ఇలా వెతికేవారు తక్కువే. వెతికే ప్రతి ఒక్కరూ కొనే ఉద్దేశంతో వచ్చేవారే. ఇక్కడ పోటీ దాదాపు లేదు. పుట్టపాక ఇందుకు మంచి ఉదాహరణ. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ రావడంతో ఆ చిన్న ఊరి పేరు వార్తల ద్వారా అంతర్జాలంలో స్థిరపడింది. చింతకింది మల్లేశం రూపొందించిన ఆసు యంత్రానికీ అదే జరిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ, 2019లో ఆయన జీవితంపై సినిమా వచ్చాయి. ఊరి పేరు, పని పేరు కలిపి రాసిన సమాచారం ఉంటే యంత్రం దాన్ని పట్టుకుంటుందనడానికి ఇవి నిదర్శనం. అవార్డు అందరికీ రాదు. పని గురించి వివరంగా రాసుకోవడం మాత్రం అందరికీ సాధ్యమే.

ఏం రాయాలి? చిటికి కట్టడానికి ఎన్ని రోజులు పట్టింది, పడుగుకు మాత్రమే రంగు కట్టారా, పేకకు కూడా కట్టారా, నూలా పట్టా, చీర ఎన్ని రోజుల్లో మగ్గం దిగింది, ఉతికే పద్ధతి ఏమిటి.. ఈ వివరాలు అచ్చు చీరల దుకాణం రాయలేదు. ఫొటోలు కూడా అంతే. మోడల్ కట్టుకున్న చీర ఫొటో ఎవరైనా పెట్టగలరు. గుంట మగ్గం మీద సగం నేసి ఉన్న చీర ఫొటో నేసేవారే పెట్టగలరు. చీర వెనుకవైపు ఫొటో తప్పక జతచేయాలి. ఇక్కత్ నేతలో డిజైన్ రెండువైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, అంచుల్లో కాస్త పారినట్లు కనిపిస్తుంది. అచ్చు బట్టకు సాధారణంగా వెనుకవైపు వెలవెలబోతుంది. ఈ ఒక్క పరీక్షను రెండు భాషల్లో రాసి పెట్టినా కొనేవారికి మేలు.

భౌగోళిక గుర్తింపు ఉన్నంత మాత్రాన ప్రతి కార్మికుడూ దాన్ని అధికారికంగా వాడుకున్నట్లు కాదు. అధీకృత వినియోగదారుగా చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో విడిగా నమోదు కావాలి. ఈ దరఖాస్తు రుసుమును 2020లో రూ.500 నుంచి రూ.10కి తగ్గించారు. తమ ఊరు గుర్తింపు పరిధిలో ఉందో లేదో రిజిస్ట్రీ పత్రాల్లో చూసుకుని, సహకార సంఘం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. నమోదైతే ఆ సంఖ్యను ప్రొఫైల్‌లో, కేటలాగ్‌లో చూపించుకునే వీలు కలుగుతుంది. నకిలీ వస్తువుకు గుర్తింపు పేరు తగిలించి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా విధించే వీలు 1999 నాటి చట్టంలో ఉంది. అంతర్జాలంలో అలాంటి అమ్మకం కనిపిస్తే ఆ పేజీ ఫొటో తీసి, తేదీతో సంఘానికి అందించడం ఆధారంగా పనికొస్తుంది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ మరో రక్షణ. గద్వాల, నారాయణపేట నేతన్నలకూ ఈ సూచనలన్నీ వర్తిస్తాయి. వారి చీరలకూ భౌగోళిక గుర్తింపు ఉంది, వారికీ నకిలీల బెడద ఉంది.

సొంత వెబ్‌సైట్ ఎవరికి?

టైర్ల పంక్చర్ దుకాణానికి వెబ్‌సైట్ అక్కర్లేదు. ఊరి పరిధిలో వ్యాపారం చేసే కిరాణా, హోటల్, మెకానిక్‌లకు బిజినెస్ ప్రొఫైల్, 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ సరిపోతాయి. వాట్సాప్‌లోని కేటలాగ్‌లో వస్తువుల ఫొటోలు, ధరలు పెట్టుకోవచ్చు. బయటి ఊళ్లకు అమ్మే చేనేత కుటుంబాలు, పెళ్లిళ్లకు ముందుగా బుక్ చేసుకునే ఫంక్షన్ హాళ్లు, నర్సరీలు మాత్రం సొంత పేజీ పెట్టుకోవడం మంచిది.

ఇతరుల స్థలంలో ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందో 2024లో తెలిసింది. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను ఆ ఏడాది మార్చిలో మూసివేశారు. విజిటింగ్ కార్డులపై అచ్చువేయించుకున్న ఆ చిరునామాలు ఇప్పుడు పనిచేయవు. ఇంకా అవే కార్డులు పంచుతుంటే ఆపేయాలి.

సొంత డొమైన్ పేరును యజమాని తన పేరు, తన ఫోన్, తన ఈ-మెయిల్‌తోనే నమోదు చేయించుకోవాలి. వెబ్‌సైట్ తయారుచేసే కుర్రాడి పేరుతో ఉంటే, అతను ఊరు విడిచినప్పుడు పేరు కూడా వెళ్లిపోతుంది. ఏటా గడువులోగా పునరుద్ధరించకపోయినా అంతే, మరొకరు కొనుక్కునే ప్రమాదం ఉంది. పేజీ సాధారణ ఫోన్‌లో, బలహీనమైన సిగ్నల్‌లో కూడా త్వరగా తెరుచుకోవాలి. సూచిక తయారీకి గూగుల్ ఇప్పుడు చూసేది కంప్యూటర్‌లో కనిపించే రూపాన్ని కాదు, ఫోన్‌లో కనిపించే రూపాన్నే. ప్రతి పేజీకి వేరువేరు శీర్షిక ఉండాలి. ‘హోమ్’ అన్న శీర్షిక వల్ల ప్రయోజనం శూన్యం. ‘సర్చ్ కన్సోల్’ అనే ఉచిత సాధనంలో ఏ మాటలతో వెతికినవారికి పేజీ కనిపించిందో తెలుసుకోవచ్చు. నెలకోసారి చూస్తే చాలు.

2024 ఆగస్టు నుంచి భారత్‌లో కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధ తయారుచేసిన సమాధానం ఫలితాల పైభాగంలో వస్తోంది. సమాధానం అక్కడే దొరకడంతో కింది పేజీలు తెరిచేవారు తగ్గవచ్చు. ఫోన్ చేయడానికీ, దారి చూసుకోవడానికీ మాత్రం దుకాణం వివరాలు తప్పవు.

అభిప్రాయాలు అడగండి.. కొనకండి

నక్షత్రాలు, అభిప్రాయాలు ఊళ్లో మంచిపేరు వంటివే. వచ్చిన ఖాతాదారును మర్యాదగా అడిగితే రాసేవారు చాలామందే ఉంటారు. కౌంటర్‌పై యూపీఐ స్కానర్ పక్కనే అభిప్రాయాల పేజీ క్యూఆర్ కోడ్ అతికించిన దుకాణాలు ఇప్పటికే ఉన్నాయి. తగ్గింపు ఇస్తామని, బహుమతి ఇస్తామని ఆశ చూపి రాయించుకోవడం నిబంధనలకు విరుద్ధం. వందకు ఇంత చొప్పున అభిప్రాయాలు అమ్మేవారి జోలికి అసలే పోరాదు. ఒక్క వారంలో యాభై పొగడ్తలు, అవీ రామన్నపేట ముఖం చూడని వారి నుంచి వస్తే యంత్రం ఇట్టే పసిగడుతుంది. అంతర్జాల అభిప్రాయాల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 ప్రమాణాన్ని విడుదల చేసింది.

చెడ్డ అభిప్రాయం వస్తే కోపంతో సమాధానం రాయడం దుకాణానికే నష్టం. తప్పు జరిగి ఉంటే ఒప్పుకుని, ఫోన్ నంబరు ఇచ్చి మాట్లాడమని కోరాలి. ఆ సమాధానాన్ని చదివేది ఫిర్యాదు చేసిన ఒక్కరే కాదు, రేపు రావాలా వద్దా అని ఆలోచించే పది మంది. అసభ్యంగానో, అబద్ధంగానో రాస్తే తొలగించమని నివేదించవచ్చు. నచ్చలేదన్న కారణంగా తొలగించరు.

‘మొదటి స్థానం’ హామీలతో జాగ్రత్త

‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ దుకాణం మ్యాప్‌లో ఉండాలంటే ఏడాదికి ఇంత కట్టాలి’ అంటూ వచ్చే ఫోన్లను నమ్మరాదు. ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ, ధ్రువీకరణ సంఖ్య చెప్పమంటే ఖాతాను కాజేసేందుకేనని గ్రహించాలి. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ‘మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ’ అన్న సంస్థలదీ అదే దారి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. పని అప్పగించక తప్పనప్పుడు ఖాతా యజమాని హక్కు దుకాణదారు వద్దే ఉంచుకుని, అవతలివారిని నిర్వాహకునిగా మాత్రమే చేర్చాలి. ఏ నెల ఏం మార్చారో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వదలచినవారు ఒక చిన్న అమరికను గమనించాలి. ప్రాంతాన్ని ఎంచుకునేటప్పుడు మామూలుగా ముందే గుర్తు పెట్టి ఉండేది ‘ఆ ప్రాంతంలో ఉన్నవారు, ఆ ప్రాంతంపై ఆసక్తి చూపినవారు’ అన్న ఎంపిక. దాన్ని అలాగే వదిలేస్తే ఎక్కడో ఉన్నవారి నొక్కులకు కూడా సొమ్ము ఖర్చవుతుంది. హోటల్, మెకానిక్ వంటివారు ‘ఆ ప్రాంతంలో ఉన్నవారు’ అన్న దానికి మార్చుకోవాలి. చీరలు అమ్మేవారికి ఇది వర్తించదు, వారి ఖాతాదారులు ఉండేదే దూరాన. పెద్ద వేదికల ద్వారా అమ్మాలంటే గతంలో అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ నమోదు తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి రాష్ట్రం లోపలే వస్తువులు అమ్మే, నిర్దేశిత పరిమితికి లోబడిన చిన్న వ్యాపారులకు షరతులతో మినహాయింపు వచ్చింది. ఇతర రాష్ట్రాలకు పంపేవారు ముందుగా ట్యాక్స్ కన్సల్టెంట్‌ను సంప్రదించడం మంచిది.

మార్పులు చేసిన వెంటనే ఫలితం కనిపించదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. పరీక్షించుకునేటప్పుడు సొంత ఫోన్‌లో, సొంత దుకాణంలో కూర్చుని వెతికితే ముందు తమ పేరే వస్తుంది, దూరం సున్నా కాబట్టి. చిట్యాల చౌరస్తాలోనో, వలిగొండ బస్టాండ్‌లోనో, ఇంతకుముందెన్నడూ దుకాణం పేరు వెతకని బంధువు ఫోన్‌తో చూడాలి. తెలుగులో ఒకసారి, ఆంగ్ల అక్షరాలతో ఒకసారి, మైకు నొక్కి నోటితో మరొకసారి అడగాలి. మూడింటిలో ఏది తప్పిందో రాసిపెట్టుకుని, సవరించి, నెల తరువాత అదే చోట మళ్లీ చూసుకోవాలి.